ముద్ర లేదని తూకానికి వేసేయకండి

ప్రశ్న: మా మావగారు ఓడల్లో ఉద్యోగం చేసేవారు. 1970ల్లో ఒకసారి వస్తూ అత్తయ్యగారికి ఒక వెండి హారం తెచ్చారట. ఏ దేశంలో కొన్నారో ఆవిడకి గుర్తు లేదు, ఆయన ఇప్పుడు లేరు. గుండ్రటి బోలు పూసలు, మధ్యమధ్య విచ్చుకుంటున్న మొగ్గల్లాంటివి, కింద లాడం ఆకారంలో పెద్ద బిళ్ల, ఆకుపచ్చ కలిసిన నీలం రాళ్లు. వెండి స్వచ్ఛత తెలిపే 925 అన్న అంకె గానీ, ఇంకే ముద్ర గానీ ఎక్కడా లేదు. విశాఖ కురుపాం మార్కెట్లో ఒక షాపులో చూపిస్తే "ముద్ర లేదు, టంచ్ (వెండి స్వచ్ఛత) ఎంతో చెప్పలేం, రాళ్లు తీసేసి కరిగించి వచ్చిన దానికి కట్టిస్తాం" అన్నారు. ఇచ్చేయమంటారా? ఎడమవైపు ఒక రాయి వదులైంది, దాని కింద ఏదో చెత్త ఉంది. రాళ్లని చూసి ఏ ఊరివో చెప్పగలరా? ఫొటోలు పంపుతున్నాను. (పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ)

జవాబు: వద్దమ్మా, ఇవ్వకండి. కరిగిస్తే మీకొచ్చేది వెండి ధర ఒక్కటే, రాళ్లు పీకేటప్పుడు పగిలేవి పగులుతాయి. అయినా ముద్ర లేకపోవడం మీ షాపాయన అనుకున్నంత పెద్ద లోపమేమీ కాదు. మన దగ్గర బంగారానికి 2021 నుంచి హాల్‌మార్క్ తప్పనిసరి చేస్తూ వచ్చారు గానీ వెండికి అలా లేదు, కావాలంటే మీ బీరువాలో ఉన్న పాత పట్టీలు తిరగేసి చూడండి, ఎన్నిటికి ముద్ర ఉంటుందో. అమెరికాలోనూ వెండి మీద ముద్ర కొట్టి తీరాలన్న చట్టం లేదు. ఇంగ్లండులో మాత్రం కొంత బరువు దాటిన నగని ముద్ర లేకుండా వెండి అని చెప్పి అమ్మకూడదు, మెక్సికోలో 1940ల చివర్నుంచి గద్ద బొమ్మ ముద్ర ఉండేది. అందుకని మీ హారం ఆ రెండు చోట్లా దుకాణంలో కొన్నది అయ్యే అవకాశం తక్కువ. ఏమీ లేకపోవడం కూడా ఇలా ఒక ఆనవాలే.

ఇక డిజైన్. మీరు చెప్పిన మొగ్గల పూసలు, కింద లాడం బిళ్ల ఉన్న హారాన్ని స్క్వాష్ బ్లాసమ్ నెక్లెస్ అంటారు, ఆ బిళ్ల పేరు నజా. అమెరికా నైరుతి ఎడారుల్లో, అంటే అరిజోనా, న్యూ మెక్సికో వైపు ఉండే నవాహో తెగవాళ్ల నగ ఇది. వాళ్లు వెండిపని మెక్సికన్ కంసాలుల దగ్గర 1860ల ప్రాంతంలో నేర్చుకున్నారు, అందులో ఫిరోజా రాయి (ఆకుపచ్చ కలిసిన నీలం రాయి, ఇంగ్లిష్‌లో టర్కాయిస్) పొదగడం మొదలైంది 1880 ప్రాంతంలో. చేసినవాళ్లు తమ పేరు ముద్ర కొట్టుకోవడం చాలాకాలం పాటు పెద్దగా లేదు, 1970ల నుంచే బాగా వాడుకలోకి వచ్చింది. ఇంతవరకూ అన్నీ మీకు అనుకూలంగానే ఉన్నాయి కదా, ఇక్కడే ఆగాలి. ఆ 1970ల్లోనే అమెరికాలో ఈ నగల ఫ్యాషన్ విపరీతంగా పెరిగి, తెగతో సంబంధం లేనివాళ్లు కూడా అచ్చు అలాగే చేసి అమ్మేశారు, మన జైపూర్‌లో ఇప్పటికీ వెండిలో ఫిరోజా పొదిగి ఎగుమతి చేస్తున్నారు. డిజైన్ ఎవరైనా చూసి దించేయొచ్చు. వెనకవైపు ఎవరూ పట్టించుకోరు కాబట్టి నేను ముందు అక్కడే చూస్తాను.

మీ ఫొటోల్లో నాకు బాగా పనికొచ్చింది కూడా ఆ బిళ్ల వెనకవైపు తీసిందే. ఆకురాయి గీతలు ఒకే దిక్కుగా కాకుండా అటూ ఇటూ ఉన్నాయి, రెండు చోట్ల టంకం కారి గడ్డ కట్టింది, పూసల నడుం చుట్టూ సన్నటి అతుకు కనిపిస్తోంది, అంటే రెండు డొప్పలు విడివిడిగా కొట్టి అతికారన్నమాట. మెషిన్ పూస అయితే అన్నీ ఒకే సైజులో నున్నగా ఉంటాయి. ముందువైపు కొట్టిన చిన్నచిన్న అచ్చులు కూడా చూడండి, ఒకటి లోతుగా, పక్కది తేలిగ్గా పడింది, చేత్తో సుత్తి దెబ్బ వేస్తే అంతే. బిళ్ల మాత్రం పోత పోసినదే, దాని మీద సన్నటి గుంటలున్నాయి. పోత పోస్తే నకిలీ అనుకోకండి, నవాహోలు మెత్తటి రాతిని చెక్కి అచ్చు చేసి అందులో వెండి పోసే పద్ధతి పాతదే.

అన్నిటికంటే నాకు నచ్చిన సంగతి, ఎడమవైపు వదులైన రాయి కింద మీరు "చెత్త" అని రాసింది. అది రంపపు పొట్టు. ఊడిపోతే ఊడ్చి పారేయకండి, కాస్త కాగితంలో చుట్టి ఉంచండి. రాయికి మెత్తగా ఉండటానికి, గూట్లో సరిపడా ఎత్తు రావడానికి అలా వేసేవారు, అమెరికా నైరుతి పనిలో ఇది తరచూ కనిపిస్తుంది. మన రాజస్థాన్ పనో నేపాల్ పనో అయితే ఆ చోట లక్క ఉండే అవకాశం ఎక్కువ.

రాయిని చూసి ఊరు చెప్పమని కూడా అడిగారు. ఇరాన్‌లోని నిషాపూర్ రాయి మచ్చ లేని ఆకాశనీలమని, టిబెట్ రాయి ఆకుపచ్చగా నల్లటి గీతలతో ఉంటుందని అందరూ అంటారు గానీ ఒక్కో గనిలోనే నాలుగు రంగులు వస్తాయి, చైనాలో హూబే రాయి ప్రపంచమంతా పోతుంది, పైగా ఒంటి చెమట, నూనె పీల్చి నీలం రాయే ఏళ్ల తరబడి ఆకుపచ్చగా మారుతుంది. రాయి ఒక దేశానిది, పని ఇంకో దేశానిది కావడం మామూలే. కంటితో చూసి గని పేరు చెప్పేవాళ్లని నేను అంతగా నమ్మను.

ఇప్పుడు చేయాల్సింది ఒక్కటే. ఎక్స్‌ఆర్‌ఎఫ్ మెషిన్ (ఎక్స్‌రేలతో లోహంలో ఏమేం ఎంతెంత ఉన్నాయో చూపించేది) ఉన్న టెస్టింగ్ సెంటర్‌కి తీసుకెళ్లి పూస మీద, బిళ్ల వెనక, కొక్కెం మీద విడివిడిగా చూడమనండి, గీయక్కర్లేదు, యాసిడ్ చుక్క అక్కర్లేదు. 90 శాతం పైన వెండి చూపిస్తే ఇది జర్మన్ సిల్వర్ అనే వెండిలా కనిపించే లోహమేమో అన్న అనుమానం చాలావరకు తీరుతుంది, అందులో వెండే ఉండదు, రాగి, నికెల్, జింకు మాత్రమే. అయస్కాంతం పెట్టి చూడమని ఎవరైనా చెబితే నవ్వి ఊరుకోండి, జర్మన్ సిల్వర్ కూడా దానికి అంటుకోదు.

నా అంచనా అడిగితే, అమెరికా నైరుతిలో చేత్తో చేసిన పని, మీ మావగారు కొన్న కాలానిదే. చేసింది నవాహోలేనా అంటే ముద్ర లేకుండా నేను అనను, మీరూ అనకండి. అమ్మదలుచుకుంటే "నవాహో శైలి" అని రాయండి. ఆ తెగ పని కానిదాన్ని వాళ్లదని చెప్పి అమ్మడం అమెరికాలో 1990 చట్టం ప్రకారం నేరం. ఇంకో మాట, అత్తయ్యగారిని మావగారి పాత పాస్‌పోర్టు, ఓడ ఉద్యోగపు పుస్తకం ఉన్నాయేమో అడగండి. ఏ రేవులో ఎప్పుడు దిగారో అందులో స్టాంపులుంటాయి, నా భూతద్దం కంటే అవే గట్టి సాక్ష్యం.

ప్రశ్న: ఒడిశాలో జిరంగ్ బౌద్ధ మఠం చూసి వస్తూ దారిలో ఒక బండి మీద లాకెట్ కొన్నాను. నూరేళ్లనాటి టిబెట్ ఫిరోజా అన్నాడు. నెయిల్ పాలిష్ రిమూవర్ దూదితో తుడిస్తే దూది నీలంగా అయింది. (పాఠకుడు, గాజువాక)

జవాబు: రంగేశారు. హౌలైట్ అనే తెల్లటి, మెత్తటి రాయికి నీలం రంగు పట్టిస్తే ఇలాగే ఉంటుంది, పగుళ్లలో రంగు ముదురుగా పేరుకుని ఉంటుంది, చూడండి. ఒడిశాలోని చంద్రగిరి, జిరంగ్ వైపు టిబెటన్లు 1960ల నుంచి ఉంటున్నారన్నది నిజమే, అంతమాత్రాన ఆ దారిలో అమ్మేదల్లా టిబెట్ నుంచి వచ్చినట్టు కాదు. ఆ టెస్ట్ మంచి రాళ్ల మీద మాత్రం చేయకండి, మైనమో రెసినో పట్టించిన అసలు రాయి కూడా పాడవుతుంది.

ప్రశ్న: ఫిరోజా ఉన్న వెండి ఉంగరం నల్లబడింది, చింతపండుతో తోమొచ్చా? (పాఠకురాలు, సీతమ్మధార)

జవాబు: తోమకండి. పులుపు తగిలితే ఫిరోజా రంగు పోతుంది. టూత్‌పేస్టు, విభూతి కూడా వద్దు, రాయి మెరుగు పోతుంది. పొడి మెత్తటి గుడ్డతో వెండిని మాత్రం రుద్దండి, రాయి చుట్టూ ఉన్న నలుపుని అలాగే ఉండనివ్వండి. మన ఊరి తేమకి మళ్లీ నల్లబడకుండా జిప్ కవర్లో గాలి తీసేసి పెట్టండి.