‘పిక్ అప్’ అర్థాలన్నీ బట్టీ పట్టించాలా?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ చివరి ఏడాదిలో ఉంది, పోటీ పరీక్షలకు చదువుతోంది. ‘పిక్ అప్’ లాంటి ఫ్రేజల్ వెర్బ్‌లకు (క్రియకు ‘అప్’ లాంటి చిన్న మాట కలిసినవి) ఒక్కో చోట ఒక్కో అర్థం రావడంతో బెదిరిపోయి పుస్తకం మూసేస్తోంది. రోజూ రాత్రి ఇరవై అప్పజెప్పించుకుంటున్నా మర్నాటికి మర్చిపోతోంది. వెయ్యి ఫ్రేజల్ వెర్బ్‌లు నేర్పే ఆన్‌లైన్ కోర్సులో చేర్పించాలా, ఇంట్లోనే చదివించాలా? ఇంగ్లిష్ ఇలా ఉంటే ఉద్యోగం వస్తుందా?

జవాబు: మీ టెన్షనంతా ఆ చివరి ప్రశ్నలోనే ఉంది. ముందు ఆ భయం వదిలేయండి. అర్థం మారుతోందని మీ అమ్మాయి పసిగడుతోందంటే చదివింది బుర్రకెక్కుతున్నట్టే.

వెయ్యి నేర్పే కోర్సుల మీద నాకు నమ్మకం లేదు. వాటి జాబితాల్లో ‘పిక్ అప్’ ఎదురుగా ఎత్తు, తీసుకురా, నేర్చుకో, పుంజుకో అని వరసగా ఉంటాయి. అవి వల్లించిన పిల్లకు ‘సేల్స్ హ్యావ్ పిక్డ్ అప్’ అన్న వాక్యం ఎదురైతే, ఎవరు దేన్ని ఎత్తారా అని వెతుక్కుంటుంది. అక్కడ ‘అప్’ తర్వాత కర్మ (ఆబ్జెక్ట్) లేదు, అమ్మకాలే పుంజుకున్నాయి. కర్మ ఉంటే అదే దారి చూపిస్తుంది. పిల్లవాడైతే బడి నుంచి తీసుకురావడం, భాషైతే వింటూ వింటూ నేర్చుకోవడం, రేడియో సిగ్నలైతే అందుకోవడం, జలుబైతే అంటించుకోవడం. ‘ఇట్’ వస్తే మాత్రం మధ్యలోనే ఉండాలి: ‘పిక్ ఇట్ అప్’. ఇదంతా వాక్యంలో పట్టుబడుతుంది గానీ జాబితాలో దొరకదు.

ఇంకో ధైర్యం చెబుతాను. గార్నియే, ష్మిట్ అనే పరిశోధకులు 2015లో ఎక్కువగా వాడే 150 ఫ్రేజల్ వెర్బ్‌లను తీసుకుని, వాటి ముఖ్యమైన అర్థాలను గుర్తించారు. ఒక్కోదానికి సగటున రెండు అర్థాలు తెలిస్తే, వాటి వాడుకలో నాలుగింట మూడు వంతులకు పైగా అర్థమైపోతుందని తేల్చారు. మరి వెయ్యి ఎందుకండీ?

ఇక మీకు గట్టిగానే చెప్పాలి. ఆ అప్పజెప్పించుకోవడం ఈ రాత్రి నుంచే ఆపేయండి. డిగ్రీ చదివే పిల్లను ఎక్కాలు అడిగినట్టు రోజూ నిలదీస్తే పుస్తకం చూస్తేనే గుండె దడ పుట్టదా? ఆమె మర్చిపోవడంలో మీ ఒత్తిడి పాలు కూడా ఉంది.

ఇంట్లోనే చదవనివ్వండి. తనకు నచ్చింది చదువుతూ, ఎదురైన ఫ్రేజల్ వెర్బ్‌ను వాక్యంతో సహా నోట్‌బుక్‌లో రాసుకోమనండి. అర్థం ముందు తనే ఊహించి, తర్వాత ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్ల కోసం తయారుచేసిన లెర్నర్స్ డిక్షనరీలో చూసుకోవాలి. కోర్సుకు డబ్బు కట్టేముందు రెండు నెలలు ఇలా సాగనివ్వండి. ఆ నోట్‌బుక్ తనంతట తాను చూపిస్తే తప్ప మీరు అడగొద్దు.