విచారణకు ముందు మేనకోడలికి

చి.ల.సౌ. మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

పర్లాకిమిడి కోర్టులో మీ అన్నయ్య మీద నువ్వేసిన భాగం దావాకి, అదే ఆస్తి పంపకం కేసుకి, ఇష్యూలు, అంటే కోర్టు తేల్చాల్సిన అంశాలు, ఖరారయ్యాయని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చట్టం గురించి బెంగపడకు. హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణతో కూతురికీ పుట్టుకతోనే వాటా వచ్చింది. కానీ ఆ భూమి ఉమ్మడిదని రుజువు చెయ్యాల్సింది నువ్వే. అందుకే ఇష్యూల నకలు తెచ్చుకుని, ఒక్కోదాని కింద ఏ కాగితం చూపిస్తావో, ఎవరిచేత చెప్పిస్తావో రాసుకో. ఇష్యూలు ఖరారైన 15 రోజుల్లోగా సాక్షుల జాబితా వెయ్యాలి. ముందు ఆ పని చూడు.

నా భయమంతా మీ ముత్తాతగారి క్రయ దస్తావేజు గురించే. 1936లో ఒడిశా ఏర్పడకముందు మనది మద్రాసు ప్రెసిడెన్సీ కదా, అది తెలుగులో ఉంది. రెండు భాషలూ బాగా వచ్చినవాళ్ల చేత ఒడియాలోకో ఇంగ్లీషులోకో అనువాదం చేయించు. అవసరమైతే కోర్టుకొచ్చి "నేనే చేశాను" అని చెప్పగల మనిషి అయ్యుండాలి. తర్వాత దస్తావేజునీ ఇప్పటి ఖతియాన్‌నీ, అంటే ఒడిశా భూమి హక్కుల రికార్డునీ, పక్కపక్కన పెట్టి చూడు. మన కాగితంలో ఇంటిపేరు ముందుంటుంది, ఒడియా రికార్డులో చివరికి పోతుంది, ఒక్కోసారి అసలుండదు. ఆ రెండు పేర్లూ ఒక్క మనిషివేనని చెప్పే పెద్దవాళ్లెవరైనా ఊళ్లో ఉంటే ఇప్పుడే మాట్లాడిపెట్టుకో. సర్వే నంబరూ మారిపోయి ఉంటుంది. పాత నంబరు, అంటే సాబిక్, ఇప్పుడు ఏ హాల్ ప్లాటు (కొత్త నంబరు) అయిందో తహసీల్ ఆఫీసు నుంచి సర్టిఫైడ్ నకలు తీసుకో. విస్తీర్ణానికి మాత్రం కంగారొద్దు, మన సెంటూ వాళ్ల డిసిమలూ ఒకటే.

అసలు దస్తావేజు మీ అన్నయ్య బీరువాలోనే ఉండిపోతే, దాన్ని కోర్టులో పెట్టమని ముందుగా వకీలుగారి చేత నోటీసు ఇప్పించు. అప్పుడే నీ దగ్గరున్న నకలుని సాక్ష్యంగా పెట్టడానికి దారి దొరుకుతుంది. వాట్సాప్ మెసేజ్‌లు చూపించాలంటే 2023 సాక్ష్య చట్టం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి. ఆ ఫోన్ మార్చెయ్యకు.

చీఫ్, అంటే మన తరఫున నువ్వు చెప్పే సాక్ష్యం, ఇప్పుడు అఫిడవిట్‌గానే వేస్తారు. ఇంగ్లీషులో టైపు చేశారని కళ్లు మూసుకుని సంతకం పెట్టకమ్మా. ప్రతి పేరా తెలుగులో చెప్పించుకో. నీకు తెలియని సంగతి ఒక్కటున్నా తీసేయమను, ఎందుకంటే క్రాస్‌లో, అంటే అవతలి వకీలు ప్రశ్నలడిగేటప్పుడు, పట్టుకునేది దాన్నే. అవతలి వకీలు ఒడియాలో గబగబా అడిగితే, అర్థం కాలేదని జడ్జిగారికే చెప్పు. తెలియనిదానికి "తెలియదు" అంటే నీకేం నష్టం లేదు. చివర్లో "మీ వాటా మీరెప్పుడో వదిలేసుకున్నారు, అవునా?" అని నీ మీదకే ఓ మాట విసురుతారు. అక్కడ కోపం తెచ్చుకోకు, ఊరుకోనూ వద్దు. "నిజం కాదు" అని గట్టిగా చెప్పు.

ఫీజుల టెన్షన్ ఉంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వెళ్లు, ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలునిస్తారు. మీ అన్నయ్య రాజీకొస్తానంటే వినకుండా తిప్పి పంపకు, కానీ కోర్టులో రికార్డు చేయించే రాజీ పత్రం మీద తప్ప బయట ఏ కాగితం మీదా సంతకం పెట్టకు.

అనువాదం కాగానే నాకో నకలు పంపు, రెండూ దగ్గర పెట్టుకుని చదువుతాను.

మీ మామయ్య