సైకిల్ తొక్కితే అరికాలి వంపులో నొప్పి: మెత్తటి ఇన్సోల్ వేసినా ఎందుకు తగ్గలేదు?

ప్రశ్న: నా వయసు 44 ఏళ్లు. సొంతూరు కవిటి, ఉద్యోగరీత్యా శ్రీకాకుళంలో ఉంటున్నాను. బరువు తగ్గాలని ఆరు నెలలుగా సైకిల్ తొక్కుతూ, ఆదివారాలు కళింగపట్నం బీచ్ దాకా వెళ్లి వస్తున్నాను. పదిహేను కిలోమీటర్లు దాటేసరికి కుడి అరికాలి మధ్యలో లాగుతున్నట్లు నొప్పి మొదలవుతుంది. దిగి కాసేపు నడిస్తే సర్దుకుంటుంది. రన్నింగ్ షూలో మెత్తటి జెల్ ఇన్సోల్ వేసుకుంటే నొప్పి ఇంకా ఎక్కువైంది. షుగర్ లేదు. అప్పుడప్పుడు నొప్పి మాత్ర వేసుకుంటున్నాను. సైకిల్ మానేయాలా?

– ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: మానేయనవసరం లేదు. దిగి నడిస్తే నొప్పి సర్దుకోవడం, మెత్తటి ఇన్సోల్ వేశాక పెరగడం అనే రెండు సంగతులను బట్టి చూస్తే, మీ పాదంలో జబ్బు కన్నా పెడల్ మీద దానికి సరైన ఆధారం లేకపోవడమే కారణంగా కనిపిస్తోంది.

నడిచేటప్పుడు శరీర బరువును మడమ, వేళ్ల మొదళ్లు వంతులవారీగా మోస్తాయి. సైకిల్ తొక్కేటప్పుడు మడమ కింద ఏ ఆధారమూ ఉండదు కాబట్టి బలమంతా పెడల్ ఆనిన కాస్త చోటు మీదే పడుతుంది. షూ అడుగు గట్టిగా ఉంటే ఆ బలాన్ని అదే మోస్తుంది. రన్నింగ్ షూ మాదిరిగా మెత్తగా ఉంటే అది పెడల్ మీద వంగిపోతుంది; అప్పుడు మడమ నుంచి వేళ్ల దాకా వింటినారిలా బిగిసి ఉండే ప్లాంటార్ ఫేషియా అనే పొర, దానితోపాటు అరికాలిలోని చిన్న కండరాలు తొక్కిన ప్రతిసారీ సాగవలసి వస్తుంది. నిమిషానికి 80 సార్లు తొక్కినా గంటలో ఒక్కో పాదం 4,800 సార్లు ఆ ఒత్తిడిని భరిస్తుంది. మీరు వేసిన జెల్ ఆ వంపును నిలబెట్టలేదు సరికదా, పాత ఇన్సోల్ తీయకుండా దాని మీదే వేసి ఉంటే షూ ఇరుకై పాదం పైభాగాన్ని కూడా నొక్కి ఉంటుంది.

కాబట్టి ముందు షూ మార్చండి. రెండు చేతులతో పట్టుకుని మెలితిప్పితే తడిబట్టలా తిరిగిపోయేది, నడుమ దగ్గర మడత పడేది పనికిరాదు. సాయంత్రానికి పాదాలు కొద్దిగా ఉబ్బుతాయి కనుక ఆ వేళకే వెళ్లి కొనండి. ఇన్సోల్ వంపు దగ్గర బొటనవేలితో నొక్కినా అణగనంత గట్టిగా ఉండాలి. షూతో వచ్చినదాన్ని తీసేసి దాని స్థానంలో దీన్ని వేసి, మొదట రోజుకు అరగంటతో మొదలుపెట్టి రెండు వారాల్లో సమయం పెంచండి. వంపు కింద గోళీ పెట్టినట్లు గుచ్చుకుంటుంటే అది మీ పాదానికి తగినది కాదు. కొలతలు తీసి ప్రత్యేకంగా చేయించే ఖరీదైన ఇన్సోళ్లు కావాలేమోనని చాలామంది అడుగుతుంటారు. ఎక్కువమందికి రెడీమేడ్‌వే సరిపోతాయి.

పాదం తడిపి గచ్చు మీద అడుగు వేసి చూడండి. లోపలి అంచు కూడా పూర్తిగా అచ్చు పడితే వంపు తక్కువని, మడమకూ వేళ్లకూ మధ్య సన్నటి గీతే పడితే వంపు ఎక్కువని స్థూలంగా అనుకోవచ్చు. తడి అచ్చు చూసి కంగారు పడకండి, చదును పాదంతో ఏ ఇబ్బందీ లేకుండా జీవితమంతా గడిపేవారు ఎందరో ఉన్నారు.

సైకిల్‌ను కూడా ఒకసారి సరిచూసుకోవాలి. సీటు మీద కూర్చుని, కిందికి దించిన పెడల్ మీద మడమ ఆనిస్తే మోకాలు తిన్నగా చాచుకోవాలి. సీటు అంతకన్నా ఎత్తుగా ఉంటే మునివేళ్లతో అందుకుని తొక్కవలసి వచ్చి వంపు మీద భారం పెరుగుతుంది. పెడల్ ఇరుసు బొటనవేలి మొదట్లోని ఎముక కిందికి గానీ, ఇంకో సెంటీమీటరు మడమ వైపుకి గానీ వచ్చేలా పాదం పెట్టండి. సముద్రం దగ్గరపడి ఎదురుగాలి తగిలినప్పుడు బరువు గేరుతో బలంగా తొక్కకుండా, తేలిక గేరులోకి మార్చి వేగంగా తొక్కితే ఒక్కో అడుగు మీద పడే బలం తగ్గుతుంది.

గోడకు చేతులు ఆనించి, మడమ ఎత్తకుండా పిక్క సాగేలా అర నిమిషం చొప్పున మూడుసార్లు, ఉదయం, సాయంత్రం నిలబడండి. నొప్పిగా ఉన్న రోజున నీళ్లు గడ్డకట్టించిన ప్లాస్టిక్ సీసాను పలుచటి గుడ్డలో చుట్టి, అరికాలి కింద పది నిమిషాలు దొర్లించవచ్చు.

నొప్పి మాత్రల విషయంలో మాత్రం గట్టిగా చెప్పవలసి ఉంది. మీది కవిటి అంటే ఉద్దానం ప్రాంతం. అక్కడ కిడ్నీ జబ్బు ఎంత ఎక్కువో మీకు తెలియనిది కాదు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటివి కిడ్నీలకు చేటు చేయగలవు కనుక కిడ్నీల పనితీరును తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకుని, డాక్టర్ చెప్పేదాకా వాటి జోలికి పోకండి. ఎండలో చెమటోడ్చి, నీళ్లు తాగకుండా వచ్చి మాత్ర వేసుకోవడం మరీ ప్రమాదం.

ఉదయం మంచం దిగగానే తొలి అడుగుల్లో మడమ దగ్గర పొడిచినట్లుంటే అది ప్లాంటార్ ఫేషియైటిస్, అంటే పైన చెప్పిన ప్లాంటార్ ఫేషియా పొర దెబ్బతిని వచ్చే నొప్పి కావచ్చు. చీలమండ లోపలి వైపు వాచినా, ఒంటికాలి మునివేళ్ల మీద లేవలేకపోయినా, వేళ్లు మొద్దుబారినా, రాత్రి విశ్రాంతిలో సైతం నొప్పి వచ్చినా ఆలస్యం చేయకుండా ఎముకల వైద్యునికి చూపించుకోండి. ఇవేవీ లేకపోతే, పై మార్పులతో ఆరు వారాలు తక్కువ దూరమే తొక్కి చూసి, అప్పటికీ తగ్గకపోతే షూ, ఇన్సోల్ రెండూ వెంట తీసుకుని వెళ్లండి. పాత షూ అడుగు ఏ వైపు అరిగిందో చూస్తే వైద్యునికి చాలా సంగతులు తెలుస్తాయి.