కాలేజీ చదువులో వెనకబడ్డాను, జ్ఞాపకశక్తికి టానిక్ వాడొచ్చా?

ప్రశ్న: నా వయసు 18. మాది పలాస దగ్గర పల్లె. విశాఖపట్నంలో బీటెక్ మొదటి సంవత్సరం చదువుతూ మద్దిలపాలెంలో హాస్టల్‌లో ఉంటున్నాను. ఇంటర్‌లో మంచి మార్కులే వచ్చాయి. ఇక్కడ పాఠాలు పరుగెడుతున్నాయి. ల్యాబ్ రికార్డులు, అసైన్‌మెంట్లు ముగిసేసరికి రాత్రి రెండు దాటుతోంది. మొదటి మిడ్‌లో రెండు సబ్జెక్టులు పోయాయి. నిద్ర ఆపుకోవడానికి స్నేహితురాలు ఇచ్చిన మాత్ర వేసుకుంటున్నాను. తర్వాత నిద్ర పట్టకపోతే తన దగ్గరే ఇంకో మాత్ర తీసుకుంటున్నాను. ఈ మధ్య గుండె దడ, చేతుల వణుకు. చదివింది గుర్తుండటం లేదు. మంచి టానిక్ చెప్పగలరు.
– ఎస్., విశాఖపట్నం

జవాబు: టానిక్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ రెండు మాత్రల సంగతి తేలాలి. మీరు వాటి పేర్లు రాయలేదు. బహుశా మీకూ తెలియవేమో. హాస్టళ్లలో చేతులు మారే మాత్రలు చాలాసార్లు కత్తెరతో కత్తిరించిన షీటు ముక్కలే. వాటి మీద మందు పేరు సగమే ఉంటుంది, గడువు తేదీ అసలే ఉండదు. అలాంటిది నోట్లో ఎలా వేసుకున్నారమ్మా?

మెలకువ కోసం విద్యార్థులు వాడేవాటిలో మొడాఫినిల్, మిథైల్‌ఫెనిడేట్ తరచూ కనిపిస్తాయి. మొదటిది పగటిపూట ఆపుకోలేనంత నిద్ర ముంచుకొచ్చే జబ్బుకు, రెండోది ఏకాగ్రత లోపానికి డాక్టర్లు రాసే మందులు. గుండె వేగం, రక్తపోటు పెరగడం, ఆకలి చచ్చిపోవడం, ఆందోళన వీటి వల్ల రావచ్చు. నిద్ర కోసం తీసుకున్నది ఆల్‌ప్రజోలామ్ లాంటిదైతే మరుసటి రోజు మందకొడితనం, మతిమరుపు రావచ్చు. అంటే ఏ బాధకు టానిక్ అడుగుతున్నారో, ఆ బాధ ఈ మాత్రల నుంచే వస్తుండవచ్చు. మీ స్నేహితురాలికి ఎవరైనా డాక్టర్ రాసిచ్చి ఉన్నా, అది ఆమె జబ్బుకు, ఆమెకు సరిపడే మోతాదు.

మెలకువ మాత్ర ఈ రోజు నుంచే మానేయండి. నిద్రమాత్ర విషయంలో జాగ్రత్త. రోజూ వారాల తరబడి వేసుకుంటున్నట్లయితే ఒక్కసారిగా ఆపకండి, ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. డాక్టర్ చూసి మెల్లగా తగ్గిస్తారు.

ఈ వారంలోనే ఫిజీషియన్‌ను కలవండి. కేజీహెచ్ (విశాఖలోని కింగ్ జార్జ్ ప్రభుత్వ ఆసుపత్రి) ఓపీకి వెళ్లినా సరే. మిగిలిన మాత్రలు, ఖాళీ షీట్లు వెంట తీసుకెళ్లండి, ఏదీ దాచకుండా చెప్పండి. బీపీ, ఈసీజీ, రక్తపరీక్ష, థైరాయిడ్ పరీక్ష అవసరం కావచ్చు. రక్తహీనత, థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం కూడా దడ తెప్పిస్తాయి. మన రాష్ట్రంలో ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉన్నవారే. మీరు పొద్దున్న టిఫిన్ తిని క్లాసుకు వెళ్తున్నారో లేదో రాయలేదు, నాకు మాత్రం అనుమానమే. ఛాతీలో నొప్పి, ఆయాసం, కళ్లు తిరిగి పడిపోవడం ఉంటే ఓపీ కోసం ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

కాఫీ, ఎనర్జీ డ్రింకుల ఊసు మీరు ఎత్తలేదు. తాగుతుంటే మధ్యాహ్నంతో ఆపండి. కెఫీన్ ఒంట్లో సగానికి తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. రాత్రి పదింటికి తాగిన కాఫీ తెల్లవారుజామున మూడింటికీ పనిచేస్తూనే ఉంటుంది.

జ్ఞాపకశక్తిని పెంచుతుందని నమ్మకంగా రాయగల టానిక్ ఏదీ లేదు. పరీక్షలో బి12 లాంటి లోపం బయటపడితే దానికి మందు ఇస్తారు, అంతే. చదివింది మెదడులో కుదురుకునేది చాలావరకు నిద్రలోనే. మీ వయసుకు కనీసం ఏడు గంటలు పడుకోవాలి.

ఇక చదువు. ఇంటర్‌లో స్టడీ అవర్, రోజూ పరీక్ష, వెనకే నిలబడే లెక్చరర్ ఉండేవారు. ఇక్కడ ఎవరూ వెంటపడరు, మొదటి సెమిస్టర్‌లో చాలామంది తడబడతారు. రికార్డును సమర్పించే ముందురోజు రాత్రికి వదలకుండా ల్యాబ్ అయిన రోజు సాయంత్రమే రాసేయండి. పోయిన రెండు సబ్జెక్టుల లెక్చరర్లను వెళ్లి కలవండి, అడగడానికి మొహమాటపడకండి.

దిగులు రెండు వారాలు దాటినా, బతుకు మీద విరక్తి కలిగినా ఆలస్యం చేయకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. ఏ వేళలోనైనా ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మిమ్మల్ని పరీక్షించకుండా ఉత్తరం చూసి ఇంతకుమించి చెప్పడం సరికాదు. డాక్టర్ దగ్గరికి వెళ్లే ముందు అమ్మానాన్నలకు మాత్రల విషయం చెప్పండి. ఆ స్నేహితురాలినీ వెంట తీసుకెళ్లండి, ఆమెకూ పరీక్ష అవసరమే.