శనివారం మూడు గంటలకు డబ్బు ఎక్కడిది?

ప్రశ్న: మేం డల్లాస్‌లో ఉంటాం, ఇద్దరికీ ఉద్యోగాలు. పాపకు ఐదేళ్లు, బాబుకు రెండు. డేకేర్‌కే నెలకు 2,000 డాలర్ల పైన అవుతోంది. నాకంటూ ఒక గంట దొరకడం లేదు. లైబ్రరీ నవల మూడుసార్లు రెన్యూ చేశాను, ఇంకా 14వ పేజీలోనే ఉన్నాను. శనివారాలు మూడు గంటలు సిట్టర్‌ని పెట్టుకుందామని మావారు అంటున్నారు. గంటకు 20 డాలర్లు. ఊరికే కూర్చోవడానికి అంత ఖర్చా అని మనసొప్పడం లేదు.

జవాబు: ‘ఊరికే కూర్చోవడానికి’ అన్న మాట దగ్గర ఆగిపోయానండీ. ఆఫీసు అయ్యాక ఇంట్లో రెండో డ్యూటీ ఎక్కే మనిషికి మూడు గంటల విశ్రాంతి దుబారా కాదు. నేనైతే బడ్జెట్‌లో కరెంటు బిల్లు పక్కనే దాన్నీ రాస్తాను. కానీ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తేనే మీకు టెన్షన్ తగ్గుతుంది.

మీరు డిపెండెంట్ కేర్ ఎఫ్‌ఎస్‌ఏ ఊసెత్తలేదు. మీ ఇద్దరి ఆఫీసుల్లో ఎక్కడైనా ఉందేమో హెచ్‌ఆర్‌ని అడగండి. పన్ను పడకముందే జీతంలోంచి కొంత పక్కన పెట్టి, దాంతో డేకేర్ ఫీజు కట్టుకునే ఏర్పాటు ఇది. 2025లో కుటుంబానికి 5,000 డాలర్ల వరకే ఉండేది, 2026 నుంచి 7,500 అయింది. మీరు 22 శాతం శ్లాబులో ఉన్నారనుకుందాం. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కలిపి మరో 7.65 శాతం. 7,500 పెడితే ఏడాదికి దాదాపు 2,220 డాలర్లు మిగులుతాయి, అంటే నెలకు 185. సిట్టర్‌కి ఒక శనివారానికి 60. నెలకు మూడు శనివారాలు అందులోనే వచ్చేస్తాయి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. ఎఫ్‌ఎస్‌ఏ డబ్బుతో శనివారం సిట్టర్‌కి కట్టకండి. మీరిద్దరూ పనిలో ఉన్న వేళ పిల్లల్ని చూసుకున్నందుకే అది చెల్లుతుంది. దాంతో డేకేర్ బిల్లు కట్టండి. జీతంలో మిగిలే 185 డాలర్లు జీతం పడిన రోజే విడి ఖాతాలోకి వెళ్లేలా పెట్టండి. ఇంటి ఖర్చుల్లో కలిసిందంటే ఇక కనపడదు. ఎఫ్‌ఎస్‌ఏలో చూపిన ఖర్చు మీదే చైల్డ్ కేర్ క్రెడిట్ (పిల్లల సంరక్షణ ఖర్చుకు పన్నులో ఇచ్చే తగ్గింపు) మళ్లీ రాదు; ఇప్పటికే అది తీసుకుంటూ ఉంటే ఆ మేరకు మీకు మిగిలేది తగ్గుతుంది. గడువులోగా వాడని డబ్బు పోతుంది గానీ, మీ ఫీజులు చూస్తే మీకు ఆ భయం అక్కర్లేదు. మీలో ఎవరైనా ఉద్యోగం మానే ఆలోచనలో ఉంటే మాత్రం ఆగండి, ఆ తర్వాతి డేకేర్ ఖర్చుకు అది చెల్లకపోవచ్చు.

ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ (ఆఫీసులో ఏటా ఇలాంటి ప్లాన్‌లలో చేరే గడువు) దాటిపోయిందా? డేకేర్ ఫీజు మారితే చాలా ప్లాన్‌లు ఏడాది మధ్యలోనూ చేరనిస్తాయి, అడిగి చూడండి.

అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వచ్చినా ఈ శనివారాల ఖాతా ఆపకండి. ఇద్దరు చిన్న పిల్లల వెంట రోజంతా పరుగెత్తడం ఆ వయసులో వాళ్లకు కష్టం.

ఇక నాలుగో శనివారానికి సిట్టర్ అక్కర్లేదు. మీవారు పిల్లల్ని చూసుకుంటారు, మీరు నవల పట్టుకుని బయటికి వెళ్లండి. తర్వాతి నెల ఆయన వంతు.