రెండో భాగం తెరిచే ముందు

ప్రశ్న: ఒక సైన్స్ ఫిక్షన్ సిరీస్‌లో మొదటి నవల చదివి రెండేళ్లయింది. ఇప్పుడు రెండోది చేతికొచ్చింది. పేర్లు, గ్రహాలు, ఎవరు ఎవరి పక్షమో అంతా కలగాపులగమైపోయింది. మొదటిది మళ్లీ పూర్తిగా చదవాల్సిందేనా?

జవాబు: అన్ని సిరీస్‌లకూ అక్కర్లేదు. రెండో కథ మొదటిది ఆగిన చోటే మొదలవుతోందా, కొన్నేళ్లు దాటి మొదలవుతోందా అన్నది ముందు చూసుకోండి. తొలి పది పేజీల్లోనే తెలిసిపోతుంది.

'హైపీరియన్' (1989), 'ద ఫాల్ ఆఫ్ హైపీరియన్' (1990) నిజానికి రెండు సంపుటాలుగా వచ్చిన ఒకే కథ. మొదటిది యాత్ర గమ్యం చేరేసరికి ఆగిపోతుంది. యాత్రికులు చెప్పుకున్న కథల్లోని చిన్నచిన్న వివరాలు రెండోదాంట్లో అక్కరకొస్తాయి. ఇలాంటి జంటలో మొదటిది మరిచిపోతే మళ్లీ చదవడమే మేలు. 'ఎండర్స్ గేమ్' (1985) సంగతి వేరు. దాని తర్వాతి 'స్పీకర్ ఫర్ ద డెడ్' (1986) జరిగేది మూడు వేల ఏళ్ల తర్వాత. అక్కడికి వెళ్లే ముందు మొదటి నవల ఆఖరి అధ్యాయం చదివితే చాలు. ఆ అధ్యాయం పేరు కూడా 'స్పీకర్ ఫర్ ద డెడ్'!

మిగతా సిరీస్‌లకు మధ్యేమార్గం ఒకటుంది. మొదటి నవల చివరి రెండు అధ్యాయాలు పూర్తిగా చదవండి. ఆ లోకపు మాటలు మళ్లీ నోటికి పట్టడానికి మొదట్లోంచి ఓ ఇరవై పేజీలు చదవండి. తర్వాత అర పేజీలో సరిపోయేలా ఒక చీటీ రాసుకోండి: ఎవరు బతికున్నారు, ఎక్కడున్నారు, ఏ రహస్యం ఎవరికి తెలుసు, ప్రయాణానికీ కబురుకూ ఎంత కాలం పడుతుంది, జవాబు దొరకని ప్రశ్న ఏది.

వీటిలో ఎక్కువమంది తప్పేది మూడోదైన రహస్యాల దగ్గర. పాఠకుడిగా మనకు తెలిసిన సంగతి పాత్రకూ తెలుసనుకుంటాం. పాపం ఆ పాత్ర తెలియకే తప్పటడుగు వేస్తుంటే 'ఇదేం మూర్ఖత్వం' అని విసుక్కుంటాం. అందుకే చీటీలో రహస్యం ఎదురుగా తెలిసినవాళ్ల పేర్లే కాదు, తెలియనివాళ్ల పేర్లూ రాయాలి.

నాలుగోది, ప్రయాణానికీ కబురుకూ పట్టే కాలం, మరిచినా చిక్కే. 'ఎండర్స్ గేమ్' లోకంలో కబురు క్షణంలో చేరుతుంది, ఓడ మాత్రం కాంతి వేగాన్ని దాటలేదు. ఆ వేగానికి దగ్గరగా వెళ్లే ఓడలో కొద్ది రోజులు గడిస్తే, బయట ఏళ్లు గడిచిపోతాయి. ఈ ఒక్క నియమం గుర్తులేకపోతే, మూడు వేల ఏళ్ల తర్వాత కూడా కథానాయకుడు ఎండర్ నడివయసైనా దాటకుండా ఎలా ఉన్నాడో అర్థం కాదు.

మరిచిన పాత్ర పేరును నెట్‌లో మాత్రం వెతకొద్దు. పేరు సగం కొట్టగానే ఆ పాత్ర చావు కబురు కింద ప్రత్యక్షమవుతుంది. మొదటి నవల ఈ-బుక్ ఉంటే అందులోనే పేరు వెతికి, అది వచ్చిన తొలి రెండు మూడు చోట్లు చూడండి. పాత్రను రచయిత పరిచయం చేసేది మామూలుగా అక్కడే.

ప్రశ్న: 'ఫౌండేషన్' సిరీస్ మొదలుపెడుతున్నాను. కథాకాలం ప్రకారం 'ప్రెల్యూడ్ టు ఫౌండేషన్' ముందు వస్తుంది కదా, దానితో మొదలుపెట్టనా?

జవాబు: వద్దు. అచ్చయిన వరుసలోనే వెళ్లండి. మొదటి మూడు పుస్తకాలు 1951, 1952, 1953లో వచ్చాయి. నాలుగోది 'ఫౌండేషన్స్ ఎడ్జ్' 1982లో, ఐదోది 'ఫౌండేషన్ అండ్ ఎర్త్' 1986లో వచ్చాయి. 'ప్రెల్యూడ్' వచ్చింది ఆ తర్వాతే, 1988లో. సిరీస్ రచయిత ఐజాక్ అసిమోవ్ దాని ముందుమాటలో తన పుస్తకాల జాబితాను కథాకాలం ప్రకారం ఇచ్చి, బహుశా ఇదే చదవాల్సిన వరుస కావచ్చునని సూచించాడు. ఆయన మాటే అయినా ఈ విషయంలో మేం ఒప్పుకోం. 'ప్రెల్యూడ్' చివర బయటపడే సంగతి, ముందు పుస్తకాలు చదివినవాళ్లకే ఉలికిపాటు. మిగతావాళ్లకు అది మరో పేరు, అంతే. పైగా మొదటి పుస్తకంలో ఫౌండేషన్‌ను స్థాపించిన గణితవేత్త హారీ సెల్డన్ దూరంగా, అంతుచిక్కకుండా ఉండాలి. అతని యవ్వనంలోని పరుగులన్నీ ముందే చూసేస్తే ఆ దూరం పోతుంది.

ఒక హెచ్చరిక: మొదటి మూడూ చాలావరకు పత్రికల్లో విడివిడిగా వచ్చిన కథల కూర్పులు. మొదటిదాంట్లో ఒక భాగం నుంచి ఇంకో భాగానికి దశాబ్దాలు గడిచిపోతాయి, మనుషులు మారిపోతారు. ఒక్క కథానాయకుణ్ని పట్టుకుని వెళ్దామంటే కుదరదు. భాగానికీ భాగానికీ మధ్య పుస్తకం మూసి పెట్టినా నష్టం లేదు.

ప్రశ్న: 'డ్యూన్' ఉత్సాహంగా చదివాను. 'డ్యూన్ మెసయ్య' అరవై పేజీల దగ్గర ఆగిపోయింది. యుద్ధాలు లేవు, గదుల్లో మాటలే. లోపం నాదా, పుస్తకానిదా?

జవాబు: ఇద్దరిదీ కాదు, మీరు వెతుకుతున్నది అందులో లేదు. 'డ్యూన్' (1965)లో గెలిచినవాడు పన్నెండేళ్ల తర్వాత ఆ గెలుపుకు చెల్లిస్తున్న మూల్యమే 'మెసయ్య' (1969). అతని పేరిట జరిగిన దండయాత్ర అప్పటికే జరిగిపోయింది, మనకు వినిపించేది చనిపోయినవాళ్ల లెక్కలే. ఇది కుట్ర కథ. తొలి అధ్యాయాల్లోనే కుట్రదారులు ఒకచోట చేరి మాట్లాడుకుంటారు. చాలామంది తేలిగ్గా దాటేసేది ఆ సన్నివేశాన్నే, తర్వాత దారి తప్పేదీ అందుకే. అక్కడికి వెనక్కి వెళ్లి, నలుగురు కుట్రదారుల్లో ఎవరికి ఏం కావాలో ఒక్కో వాక్యంలో రాసుకుని మళ్లీ మొదలుపెట్టండి. మొదటి పుస్తకం చివర ఉన్న పదకోశాన్ని దగ్గర పెట్టుకోండి. నిడివిలో ఇది మొదటిదానికంటే బాగా చిన్నది, ఓపిక పట్టాల్సింది కొన్ని రోజులే. అప్పటికీ పట్టు దొరక్కపోతే వదిలేయండి. 'డ్యూన్' ఒక్కటీ చదివినా కథ పూర్తయినట్టే ఉంటుంది. 'మెసయ్య' వదిలేసి మూడోదానికి మాత్రం దూకొద్దు.

ప్రశ్న: ఆర్థర్ సి. క్లార్క్ నవల '2001'లో ఓడ శని గ్రహం దాకా వెళ్లింది. దాని తర్వాతి '2010' తెరిస్తే గురుగ్రహం దగ్గర ఉంది. నా ప్రతిలో పేజీలేమైనా పోయాయా?

జవాబు: పేజీలన్నీ ఉన్నాయి. 1968 నాటి నవలలో గమ్యం శని, అదే ఏడాది వచ్చిన సినిమాలో గురుగ్రహం. 1982లో '2010' రాసేటప్పుడు క్లార్క్ సినిమా దారినే పట్టాడు. ఈ సంగతి చెప్పే ముందుమాట వదిలేసి నేరుగా కథలోకి వెళ్లేవాళ్లు ఇక్కడే తికమకపడతారు. '2001'లో శని అన్నచోటల్లా గురుగ్రహం అని మనసులో మార్చుకుని ముందుకు సాగండి.