గుండు బల్బులు తీసేసి ఎల్ఈడీలు పెట్టిన రాత్రి మా ఇంట్లో ఏమైందంటే

"పాత గుండు బల్బులన్నీ తీసేసి ఎల్ఈడీలు పెడితే కరెంటు బిల్లు నిజంగా తగ్గుతుందా? ఇంట్లో ఉన్నవన్నీ మార్చేయాలా?" అని కదా మీ ప్రశ్న. తగ్గుతుంది. కానీ బిల్లు సంగతి తర్వాత. ముందు వెళ్లి తీగలో కరెంటు ఉందో లేదో చూపించే టెస్టరు ఒకటి కొనుక్కోండి. ఎందుకో చెప్తాను.

మాది ఉలవపాడు పక్క పల్లె. మామిడికాయల ఉలవపాడే. మొదట్నుంచీ ప్రకాశం జిల్లా, 2022లో నెల్లూరు జిల్లాలో కలిపారు. ఊరు మాత్రం ఉన్నచోటే ఉంది. 2014లో గవర్నమెంటు వాళ్లు పాత బల్బు ఇస్తే పది రూపాయలకో ఎల్ఈడీ చొప్పున ఇంటికి రెండు ఇవ్వడం మొదలుపెట్టారు. గుంటూరు, అనంతపురం, పశ్చిమ గోదావరి, శ్రీకాకుళం, ముందు ఈ నాలుగు జిల్లాలకే. గుంటూరులో ఉండే మా మేనత్త ఫోన్ చేసి మరీ చెప్పింది. మా నాయనకు ఎక్కడలేని కోపం వచ్చింది. మనమేం పాపం చేశామని ఆర్నెల్లు సణిగి, ఇక ఉండబట్టలేక కందుకూరు పోయి సొంత డబ్బులతో ఆరు బల్బులు తెచ్చాడు. ఒక్కోదాని తెల్ల మెడ మీద స్కెచ్ పెన్నుతో తారీఖు రాశాడు, గ్యారంటీ కోసం. బిల్లు కాగితం మాత్రం వారంలోనే పోగొట్టాడు, అది వేరే కథ.

ఆ రాత్రి పదిన్నరకు లైట్లన్నీ ఆపి పడుకున్నాం. కాసేపటికి నడవలో మంచం మీద నుంచి మా అవ్వ గొంతు. "ఏందిరా అబ్బయ్యా, ఆ లైటు ఆర్పలేదా?"

ఆర్పాను. లేచి మళ్లీ వేసి మళ్లీ ఆపాను. బల్బు ఆరలేదు. పలచటి మజ్జిగ రంగులో, కనీకనపడనట్టు వెలుగుతా ఉంది. మధ్యమధ్యలో ఒకసారి కన్ను కొట్టినట్టు మిణుక్కుమంటుంది. సరిగ్గా దాని కిందే మా తాత ఫొటో, దండతో సహా. అవ్వ ఇంకేం మాట్లాడలేదు. దిండు తీసుకుని వసారాలోకి పోయింది. అమ్మ దేవుడి గూట్లో విభూది తెచ్చి నా నుదుటన పెట్టింది. మా నాయన టెన్షన్ మాత్రం వేరు. "ఆపినా కాలుతుంటే ఇక బిల్లేం తగ్గుద్దిరా?"

పొద్దున్నే కరెంటు పని చేసే మా బావను పిలిపించాం. స్టూలెక్కి బల్బు తీశాడు. స్విచ్ ఆపే ఉంది. హోల్డర్లో టెస్టరు పెట్టాడు. టెస్టర్లో ఎర్ర లైటు భగ్గుమంది. బావ స్టూలు దిగి, మా నాయన వైపు తిరిగి చాలా నెమ్మదిగా అడిగాడు.

"మామా, ఇన్నేళ్లూ బల్బు పోయినప్పుడల్లా ఎవరు మార్చేవాళ్లు?"

"నేనే. స్విచ్ ఆపే మార్చేవాడిని."

"ఇందులో కరెంటు ఎప్పుడూ ఆగలేదు మామా."

ఫేజు తీగ, అంటే కరెంటు మోసుకొచ్చే తీగ, స్విచ్‌లోకి వెళ్లి, అక్కడి నుంచి బల్బుకు రావాలి. మా ఇల్లు కట్టినప్పుడు వైరింగ్ చేసిన మహానుభావుడు తిరగేసి, కరెంటు తిరిగిపోయే న్యూట్రల్ తీగను స్విచ్‌కిచ్చి, ఫేజును నేరుగా హోల్డర్‌కు ఇచ్చాడు. అంటే స్విచ్ ఆపితే బల్బు ఆరుతుంది గానీ హోల్డర్లో కరెంటు ఉండనే ఉంటుంది. గోడల్లో పొడుగ్గా పోయిన తీగల వల్ల అలా ఆపినా రవ్వంత కరెంటు బల్బులోంచి పారుతుంటుంది. గుండు బల్బుకు అది ఏ మూలకూ చాలదు కాబట్టి బయటపడలేదు. ఎల్ఈడీ లోపల చిన్న కెపాసిటర్ ఉంటుంది. అది ఆ రవ్వంతనే కూడబెట్టుకుని మిణుక్కుమంటుంది. మిగతా ఐదు హోల్డర్లు చూస్తే ఇంకో రెండు ఇదే బాపతు. అందులో ఒకటి స్నానాల గది. తడి కాళ్లతో, ఇనుప స్టూలు మీద నిలబడి అక్కడ బల్బు మార్చిన రోజులు మా నాయన వేళ్ల మీద లెక్కపెట్టుకుంటా ఉండిపోయాడు. ఆ పూట అన్నం కూడా సరిగ్గా తినలేదు.

అందుకే "ఎల్ఈడీ డూప్లికేట్ సరుకండీ, ఆపినా ఆరదు" అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. తప్పు బయటపెట్టిన బల్బును తిట్టి, తప్పు చేసిన మేస్త్రీని వదిలేస్తారు. స్విచ్‌లోనే చిన్న ఇండికేటర్ లైటు ఉన్నా ఇలాగే మిణుక్కుమనొచ్చు, అది వేరు. ఏదో తేలాలంటే టెస్టరే దిక్కు.

ఇక బిల్లు. అరవై వాట్ల బల్బులు ఐదు, రోజుకు ఐదు గంటలు వెలిగితే నెలకు 45 యూనిట్లు. అవే తొమ్మిది వాట్ల ఎల్ఈడీలైతే 7 యూనిట్లు కూడా కావు. ఇదంతా నిజమే. అయితే 75 వాట్ల పాత సీలింగ్ ఫ్యాను రోజుకు ఇరవై గంటలు తిరిగితే అదొక్కటే 45 యూనిట్లు లాగేస్తుంది. మా వైపు రోహిణి కార్తెలో ఫ్యాను ఆపేవాడెవడు? బల్బుల దగ్గర ఆదా చేసిందంతా మా నాయన ఏసీ కొని సమం చేశాడు.

అమ్మకు మాత్రం ఎల్ఈడీ మీద కోపం ఇప్పటికీ పోలేదు. ఆ తెల్లటి వెలుగులో వంటిల్లు ఆసుపత్రి వార్డులా ఉందంటుంది, చేపల పులుసు రంగే తెలియట్లేదంటుంది. ఆమె తప్పేం లేదు. డబ్బా మీద వెలుగు రంగును 'కె' లెక్కలో రాస్తారు. 6500 కె అని ఉంటే తెలుపు, 2700 కె అంటే పాత బల్బు పసుపు. ఇది చెప్పే అంగడాయన నాకు ఇంతవరకు తగల్లేదు. గాజు బుడ్డి మూసేసిన లైట్లలో కూడా ఎల్ఈడీ పెట్టకండి. వేడి బయటికి పోక లోపలి సర్క్యూట్ తొందరగా మాడిపోతుంది. మా గేటు దగ్గర రెండు అలాగే పోయాయి.

అన్నీ మార్చాలా అంటే, మేం ఒకటి ఉంచుకున్నాం. గుండు బల్బు తినే కరెంటులో తొంభై శాతానికి పైగా వేడిగానే పోతుంది. చలికాలం కోడి పిల్లల్ని లేపితే అవ్వ గంప మీద గోనెపట్టా కప్పి, లోపల ఆ అరవై వాట్ల బల్బు వేలాడదీస్తుంది. పిల్లలన్నీ దాని కిందకు చేరి ముద్దగా పడుకుంటాయి. ఒకసారి నేను తెలివిగా ఎల్ఈడీ పెట్టి చూపించాను. అవ్వ చెయ్యి పెట్టి చూసి, "ఇదేం లైటురా, చలిజ్వరమొచ్చిన వాడి పాదంలా ఉంది" అని తీసి నా చేతిలో పెట్టింది.